లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మిస్సవుతోంది: ప్లగ్గు గ్యాప్ ఎంత ఉండాలి?

ప్రశ్న: అయ్యా, నాది పెట్రోలుతోనూ సీఎన్‌జీతోనూ నడిచే నాలుగు సిలిండర్ల చిన్న పికప్. కోలారు మార్కెట్టు నుంచి టమాటా వేసుకుని బెంగళూరు వస్తుంటాను. ఖాళీ బండి బాగానే నడుస్తుంది గానీ, లోడుతో కె.ఆర్.పురం తీగల వంతెన ఎక్కేటప్పుడు గ్యాస్ మీద జర్కులు వస్తాయి. పెట్రోలుకు మారిస్తే తగ్గిపోతాయి. మెకానిక్కు స్పార్క్ ప్లగ్గులు మార్చి గ్యాప్ తగ్గించాలంటున్నాడు. కొత్త ప్లగ్గుకు గ్యాప్ కంపెనీలోనే పెట్టి వస్తుంది, ముట్టుకోవద్దని షాపతను అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఈ పని నేనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కృష్ణరాజపురం, బెంగళూరు

సమాధానం: బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడే, అదీ గ్యాస్ మీదే ఇబ్బంది వస్తోందని మీరు జాగ్రత్తగా గమనించారు కనుక, మీ మెకానిక్కు ముందుగా ప్లగ్గులను అనుమానించడం సరైనదే. ప్లగ్గు కొసన మధ్య ఎలక్ట్రోడుకూ, దాని మీదికి వంగి ఉండే పక్క ఎలక్ట్రోడుకూ నడుమనున్న ఖాళీయే గ్యాప్. ఆ ఖాళీని నిప్పురవ్వ దాటడానికి ఎంత వోల్టేజి కావాలన్నది ముఖ్యంగా ఖాళీ వెడల్పును బట్టీ, ఆ క్షణంలో సిలిండరు లోపలి ఒత్తిడిని బట్టీ ఉంటుంది. యాక్సిలరేటరు బాగా తొక్కి బరువు లాగేటప్పుడు సిలిండరులోకి ఎక్కువ గాలి చేరి ఒత్తిడి పెరుగుతుంది. పైగా సీఎన్‌జీని అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి అవసరం. వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఎలక్ట్రోడ్లు అరిగి గ్యాప్ పెరిగిపోతుంది కాబట్టి, ఖాళీ బండిలో పెట్రోలు మీద ఎలాగో నెట్టుకొచ్చే కాయిల్ (ప్లగ్గుకు ఆ వోల్టేజిని అందించే భాగం), లోడుతో వంతెన ఎక్కేటప్పుడు గ్యాస్ మీద చాలకపోతుంది.

గ్యాప్ గురించి ఇద్దరూ కొంత నిజమే చెప్పారు. కొత్త ప్లగ్గులు కంపెనీలో గ్యాప్ పెట్టే వస్తాయి. అయితే ఒకే నంబరు ప్లగ్గును వేర్వేరు ఇంజన్లకు వాడుతుంటారు, రవాణాలో కిందపడితే పక్క ఎలక్ట్రోడు వంగిపోనూవచ్చు; అందుకని కొలవకుండా బిగించడాన్ని నేను ఒప్పుకోను. పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి గ్యాప్ 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, సీఎన్‌జీకి సాధారణంగా అంతకంటే కొద్దిగా తక్కువ పెడతారు. ఈ అంకెలు అవగాహన కోసమే. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకే మీకు ప్రమాణం, సీఎన్‌జీ మోడలుకు విడిగా ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. గ్యాప్ మరీ తగ్గిస్తే రవ్వ చిన్నదై ఐడిలింగ్‌లో ఇంజన్ వణుకుతుంది కనుక, కంటి అంచనాతో తగ్గించడం కూడా తప్పే.

కొలవడానికి తీగ గేజ్ మేలు. అరిగిన ప్లగ్గులో పక్క ఎలక్ట్రోడు లోపలివైపు చిన్న గుంట పడుతుంది. రేకు గేజ్ ఆ గుంట అంచులమీదే ఆగిపోయి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. సరైన తీగ కొద్దిగా రాసుకుంటూ దూరాలి. గ్యాప్ తగ్గించాలంటే పక్క ఎలక్ట్రోడును చెక్కమీద మెల్లగా తట్టండి, పెంచాలంటే గేజ్‌కున్న గాడితో ఆ ఎలక్ట్రోడునే పైకి లేపండి. మధ్య ఎలక్ట్రోడును ఆనుగా పెట్టి ఎత్తితే పింగాణీ చిట్లుతుంది. ఇదంతా మామూలు నికెల్ ప్లగ్గుల మాట. ఇరిడియం ప్లగ్గు మొన సాధారణంగా 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది, చిన్న దెబ్బకే విరిగిపోతుంది. దాన్ని వంచే ప్రయత్నం చేయకుండా, మీ ఇంజన్‌కు సరిపోయే గ్యాప్‌తో వచ్చే నంబరునే కొనండి. ప్లగ్గు నంబరులో వేడి స్థాయి, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందన్నది కూడా ఉంటుంది; త్వరగా వదిలేది చల్లనిది, నెమ్మదిగా వదిలేది వేడిది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో ఆ అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, బాష్‌లో మాత్రం అంకె పెరిగేకొద్దీ వేడిది. కాబట్టి బ్రాండు మార్చేటప్పుడు అంకెలు పోల్చి తీసుకోకూడదు. జె.సి. రోడ్డులో కొన్నా మరెక్కడ కొన్నా బిల్లు తీసుకోండి, నకిలీ ప్లగ్గులు చాలానే తిరుగుతున్నాయి.

మీరే మార్చుకోవచ్చు, తొందర మాత్రం పనికిరాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి, అల్యూమినియం హెడ్డు వేడిగా ఉన్నప్పుడు విప్పితే మరలు దెబ్బతింటాయి. సీటు కింద ఇంజన్ ఉండే బండ్లలో ప్లగ్గు గుంటల్లో రోడ్డు దుమ్మంతా చేరి ఉంటుంది, విప్పేముందు గాలి కొట్టి శుభ్రం చేయకపోతే అది సిలిండరులో పడుతుంది. కొత్త ప్లగ్గును చిన్న రబ్బరు గొట్టం ముక్కకు తగిలించి చేత్తోనే తిప్పండి: మర తప్పితే గొట్టం జారుతుంది, హెడ్డు పాడవదు. 14 మిల్లీమీటర్ల మర, వాషరు ఉన్న ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ సరిపోతుంది. టార్క్ రెంచి లేకపోతే చేతి బిగింపు తర్వాత సగం చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పి ఆపేయండి. మరలకు గ్రీజు పూయకండి, పూస్తే అదే టార్క్‌కు అవసరానికి మించి బిగుసుకుంటుంది.

తీసిన పాత ప్లగ్గులను సిలిండరు వరుసలోనే పెట్టి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే మంచిది, గ్యాస్ మీద ఎక్కువ తిరిగే బండిలో ఇంకా తెల్లగా ఉన్నా కంగారుపడకండి. నూనెతో తడిసి నల్లగా ఉంటే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో చూపించాలి. తెల్ల పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్టు నిలువుగా నల్ల గీత కనిపిస్తే, కరెంటు గ్యాప్ దాటకుండా బయటినుంచే హెడ్డుకు దూకుతోందని అర్థం. అలాంటప్పుడు కాయిల్ రబ్బరు బూటు కూడా మార్చాలి.

ఇంత చేశాక కూడా జర్కులు వస్తే, ప్రతి సిలిండరుకూ విడి కాయిల్ ఉన్న బండిలో స్కానర్ పెట్టించండి. పీ0303 అని వస్తే మూడో సిలిండరులో మిస్‌ఫైర్ అని అర్థం. అక్కడి కాయిల్‌ను రెండోదానికి మార్చి నడిపినప్పుడు కోడు పీ0302కు మారితే దోషం కాయిల్‌దే. ఈలోగా అలాగే లోడు లాగకండి, కాలని ఇంధనం సైలెన్సరు దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు చేరి దాన్ని కాల్చేస్తుంది, ఆ ఖర్చు ముందు నాలుగు ప్లగ్గుల ధర లెక్కలోకి రాదు.

ప్రశ్న: నాది డీజిల్ పికప్. స్పార్క్ ప్లగ్గులు ఎన్ని వేలకు మార్చాలి?
– ఒక పాఠకురాలు, యశవంతపుర, బెంగళూరు

సమాధానం: అమ్మా, డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గులు ఉండవు, బాగా నొక్కుకుపోయి వేడెక్కిన గాలిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. చాలా బండ్లలో ఉండే గ్లో ప్లగ్గులు చల్లని ఇంజన్ స్టార్టు కావడానికి సాయపడేవి, వాటికి గ్యాప్ అనేదే లేదు. పొద్దున్నే స్టార్టింగ్ కష్టమైతేనో, గ్లో ప్లగ్గు దీపంలో తేడా కనిపిస్తేనో వాటిని మీటరు పెట్టి చూపించండి; లోడు మీద లాగడం తగ్గితే ముందు డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు చూపించండి.