అమ్మలూ, ఆ తేదీ ఎవరు రాశారో చూడు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, పిల్ల కాలేజీలో మిర్రర్ పెడుతోందట, సర్వర్ కూడా ఇచ్చారట" అన్నాడు. పక్కనుంచి మీ అమ్మ, "హాస్టల్లో అద్దాలు లేవా ఏంటి, కనుక్కోండి" అంటోంది. ఈ మిర్రర్ అంటే లినక్స్ ప్యాకేజీల అసలు భండారానికి నకలని ఆవిడకేం తెలుసు! నవ్వాను గానీ, ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్. వాయిస్ మెసేజ్ పెడితే రెండింతల స్పీడులో వింటావని తెలుసు కాబట్టి తెల్లవారుజామునే లేచి కూర్చుని రాస్తున్నా.

తేలిక సంగతులు ముందు. డిస్క్ నువ్వు లెక్కేసుకున్నదానికి రెట్టింపు అడుగు. అప్‌స్ట్రీమ్ వాళ్ల మీద, అంటే నీకు సరుకు ఇచ్చే పైవాళ్ల మీద, గంటకోసారి పడకు. డెబియన్ లినక్స్ భండారం రోజుకి నాలుగుసార్లు మారుతుంది, నీకూ నాలుగుసార్లు చాలు. దానికి వాళ్లే రాసిన ఎఫ్‌టీపీసింక్ స్క్రిప్ట్ ఉంది, సొంత తెలివి చూపించకు. అది ముందు ప్యాకేజీలు తెచ్చి, తర్వాత ఇండెక్సులు (ఆ ప్యాకేజీల జాబితాలు) తెచ్చి, పాతవి చివర్లో తీసేస్తుంది. ఆ వరస తప్పితే, సింక్ (పైనుంచి కొత్త సరుకు తెచ్చుకోవడం) మధ్యలో అప్‌డేట్ కొట్టినవాడికి హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ అని, అంటే ఫైల్ జాబితాతో సరిపోలేదని, వస్తుంది. వాడు నిన్ను తిడతాడు. తిట్టనీ, కనీసం తప్పు బయటపడుతుంది. నా భయమంతా ఎవరూ తిట్టని తప్పు గురించే.

2014లో మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఉబుంటు (ఇంకో రకం లినక్స్) మిర్రర్ నా చేతిలో ఉండేది. ఆఫీసు సర్వర్లన్నీ, సెక్యూరిటీ అప్‌డేట్లతో సహా, దాన్నుంచే తీసుకునేవి. ఏప్రిల్ 8, శ్రీరామనవమి. మా వీధి పందిట్లో స్టీలు గ్లాసుతో పానకం తాగుతుంటే మేనేజర్ ఫోన్. కనెక్షన్లను రహస్యంగా ఉంచే సాఫ్ట్‌వేర్ ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం రాత్రే బయటపడింది, సర్వర్ మెమొరీలోంచి పాస్‌వర్డులు, ప్రైవేట్ కీలు లాగేయొచ్చట, మన సంగతేంటి అని. నేను ఫోన్‌లోనే స్టేటస్ పేజీ చూశాను. చివరి సింక్: ఆ ఉదయం ఆరు గంటలు. పచ్చగా ఉంది. "మిర్రర్ తాజాగా ఉంది సార్, అందరినీ అప్‌గ్రేడ్ కొట్టమనండి" అన్నాను. కొట్టారు. అప్‌గ్రేడ్ చేయాల్సినవి సున్నా అని వచ్చింది. అదేంటి అన్నారు. దానికి నేనేమన్నానో తెలుసా? "అంటే మనకు ముందే వచ్చేసింది సార్." ఇంకో గ్లాసు పానకం తాగాను.

గురువారం ఒక కస్టమర్ బయటినుంచి టెస్ట్ చేసి, మీ సర్వర్లు ఇంకా కారుతున్నాయి అని మెయిల్ పెట్టాడు. నేను నమ్మలేదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు మెల్లగా, "సార్, మన ఉబుంటు 12.04కి సరిచేసిన ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీ వెర్షన్ చివర్లో 5.12 అని ఉండాలి, మనది 5.11 అంటోంది" అన్నాడు. అప్పుడు లాగిన్ అయి చూశాను. ఉగాదికి ముందు శుక్రవారం, మార్చి 28న, కరెంటు పోయినప్పుడు సింక్ మధ్యలో ఆగింది. సింక్ నడుస్తోందని గుర్తుగా పెట్టే లాక్ ఫైల్ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత క్రాన్ (టైముకి పనులు నడిపే ప్రోగ్రామ్) నడిచిన ప్రతిసారీ నా స్క్రిప్ట్ ఆ లాక్‌ని చూసి, ఓహో ఇంకో సింక్ నడుస్తోంది అనుకుని, బుద్ధిగా బయటికొచ్చేసింది. వచ్చేముందు స్టేటస్ ఫైల్లో ఆ పూట తేదీ, టైమ్ రాసి మరీ వచ్చింది. ఎర్రర్ లేదు. రోజుకి నాలుగు తేదీలు. సరుకు మాత్రం మార్చి 28 దగ్గరే ఉంది.

సర్టిఫికెట్లు రద్దు చేయించి కొత్తవి తెచ్చాం, అందరి పాస్‌వర్డులూ మార్పించాం. ఆ శని, ఆదివారాలు ఇంటికి పోలేదు. మేనేజర్ ఒక్క మాట కూడా తిట్టలేదు. "ఆ స్టేటస్ ఫైల్లో తేదీ ఎవరు రాస్తారు?" అని మాత్రం అడిగాడు. నా స్క్రిప్టే సార్, అన్నాను. సరే అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి నీ గడియారాన్ని చూసి మిర్రర్ తాజాగా ఉందని ఎప్పుడూ అనకు. అప్‌స్ట్రీమ్ వాళ్లు రాసి, సింక్‌తో పాటు కిందికి దిగిన తేదీనే చూడాలి. డెబియన్‌లో ప్రాజెక్ట్ కింద ట్రేస్ అని ఒక డైరెక్టరీ ఉంటుంది, అందులో వాళ్ల సీరియల్ నంబరుంటుంది. ఇండెక్సులన్నిటికీ పైన ఉండే రిలీజ్ ఫైల్లో తేదీ ఉంటుంది. ఆర్చ్ లినక్స్ వాళ్లు ఇంకా తెలివిగా రెండు ఫైళ్లు పెట్టారు: లాస్ట్‌అప్‌డేట్ ప్యాకేజీలు మారినప్పుడే మారుతుంది, లాస్ట్‌సింక్ ఏమీ మారకపోయినా కదులుతూనే ఉంటుంది. కొత్త ప్యాకేజీలు లేక నిశ్శబ్దంగా ఉందా, సింక్ చచ్చి నిశ్శబ్దంగా ఉందా అన్నది ఆ రెండో ఫైల్ చెప్పేస్తుంది. అప్పట్లో నాకు ఆ ఒక్క ఫైల్ ఉండుంటే!

రిలీజ్ ఫైల్ మీద డిజిటల్ సంతకం సరిపోయింది కదా అని కూడా మోసపోకు. పోయిన నెల రిలీజ్ ఫైల్ మీద సంతకం ఈ రోజుకీ చెల్లుతుంది. డెబియన్ సెక్యూరిటీ వాళ్లు గడువు తేదీ పెడతారు కాబట్టి అది దాటితే ఆప్ట్ (ప్యాకేజీలు దించుకునే ప్రోగ్రామ్) మొరాయిస్తుంది. అన్నిచోట్లా ఆ గడువు ఉండదు.

పోల్చేటప్పుడు నీకు ఇచ్చే మిర్రర్‌తో పోల్చి ఊరుకోకు, అదీ ఆగిపోయి ఉండొచ్చు. అసలు మూలంతో పోల్చు. డిస్క్ మీద ఫైల్ చూడకు, నీ హాస్టల్ గది నుంచి కర్ల్‌తో లాగి చూడు, పిల్లలకు అందేది అదే కదా. పనిలో పనిగా ఇండెక్స్‌లోంచి ఓ ఐదారు ప్యాకేజీలు అడ్డదిడ్డంగా ఏరి వాటి చెక్‌సమ్ కూడా చూడు. తేదీలు యూటీసీలో ఉంటాయి, మనకి ఐదున్నర గంటలు కలుపుకో. లేకపోతే మొదటి వారమే అనవసరంగా కంగారు పడతావు. ఆరేడు గంటల తేడా మామూలే. ఒక రోజు దాటితే మాత్రం క్లాసు ఎగ్గొట్టైనా చూడు (మీ నాన్నకి చెప్పకు). లాక్‌కి ఎఫ్‌లాక్ కమాండ్ వాడు, ప్రాసెస్ చస్తే లాక్ కూడా దాంతోపాటే పోతుంది.

అలారం తప్పు జరిగినప్పుడే మోగేలా పెట్టకు. రోజూ పొద్దున ఎనిమిదింటికి "బాగున్నాను, ఇంత వెనకున్నాను" అని మెసేజ్ రావాలి. రాకపోతే లేచి చూడాలి. కావాలంటే నా నంబరు కూడా పెట్టు. నువ్వు హాస్టల్లో చేరాక రోజూ మెసేజ్ పెడతానన్నావు, ఎన్ని పెట్టావో నాకు తెలుసు. కనీసం నీ సర్వరైనా పెడుతుంది.

రాత్రంతా దాని ముందు కూర్చోకు. సెమిస్టర్ పరీక్షలప్పుడు ఎవరు చూస్తారో ఇప్పుడే ఒక జూనియర్‌కి అప్పజెప్పు. సర్వర్ రూమ్ తాళం ఎవరి దగ్గరుంటుందో వాచ్‌మన్‌ని అడిగిపెట్టుకో.

ఆదివారం నల్లకుంటకి రా. పెద్దమ్మ గోంగూర పచ్చడి పట్టింది, సీసా తీసి పెట్టింది. ల్యాప్‌టాప్ తెచ్చుకో. నా పాత స్క్రిప్ట్ ప్రింటు ఇంకా బీరువాలో ఉంది, తేదీ రాసే ఆ లైన్ కింద ఎర్ర పెన్నుతో గీత గీసి. చూపిస్తాను, నవ్వకూడదు మరి.

మీ పెద్దనాన్న