నూనె సంగతి తర్వాత, ముందు క్రియాటినిన్ చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 52. ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రోజూ వేసుకుంటున్నాను. ఆఫీసు నుంచి వచ్చాక పావుగంటలో అయిపోతుందని వారానికి రెండు మూడుసార్లు బీఫ్, క్యాప్సికం, క్యారెట్, క్యాబేజీ వేసి నూడుల్స్ చేసుకుంటాను. బీపీ వల్ల మామూలు ఉప్పు మానేసి లో-సోడియం సాల్ట్ వాడుతున్నాను. పోయిన వారం రాత్రి మిగిలిన నూడుల్స్ పొయ్యి మీదే ఉండిపోతే, పొద్దున పొగలు కక్కేలా వేడిచేసి తిన్నాను. రెండు గంటల్లో వాంతులు, తర్వాత విరేచనాలు. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ రెండు పూటలు, విరేచనాలు కట్టే మాత్ర, కడుపునొప్పికీ ఒళ్లునొప్పులకీ డైక్లోఫెనాక్ మూడు రోజులు వేసుకున్నాను. తగ్గిపోయింది. కాకపోతే కాస్త నీరసం, మూత్రం తక్కువగా వస్తోంది, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి. నేను అడిగేదేమిటంటే, పెద్ద మంట మీద వేయించడానికి ఏ నూనె మంచిది? బీఫ్ మెత్తబడటానికి వంటసోడా కలపవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: మీరు ప్రశ్నలుగా రాసినవాటి కంటే, వాటికి ముందు ‘కాకపోతే’ అంటూ రాసిన వాక్యమే నన్ను కంగారు పెడుతోంది. నూనె గురించి చివర్లో చెబుతాను. ఇది చదివిన రోజే ఒక డాక్టరుకు చూపించుకుని సీరం క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష), యూరియా, సోడియం, పొటాషియం, మూత్ర పరీక్ష చేయించుకోండి. బీపీ కూడా కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమనండి. పాత రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లండి. నిరుడు మీ క్రియాటినిన్ 0.9 ఉండి ఇప్పుడు 1.4 వచ్చిందనుకోండి, చూడటానికి ‘కొంచెమే ఎక్కువ’ అనిపిస్తుంది. వారం రోజుల్లో అంత పెరిగితే కిడ్నీకి దెబ్బ తగిలిందనే మేము అనుకుంటాం.

మూత్రం దాదాపు ఆగిపోయినా, ఆయాసం వచ్చినా, గుండె దడదడలాడినా, కాళ్లూ చేతులూ పట్టు తప్పినట్టున్నా, మాట తడబడినా, మలంలో రక్తం కనిపించినా ల్యాబ్ తెరిచేదాకా ఆగకండి. నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇంత హడావిడి ఎందుకంటే, కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడకు వచ్చే గొట్టం ఒకటి, పోయే గొట్టం ఒకటి ఉంటాయి. మధ్యలో ఒత్తిడి నిలిస్తేనే మూత్రం తయారవుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గింది. మీ బీపీ మాత్రలోని థయజైడ్ ఇంకాస్త నీటిని మూత్రంలోకి తోసేసింది. టెల్మిసార్టాన్ పోయే గొట్టాన్ని వదులు చేస్తుంది. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలే. నీరు తగ్గిన రోజున మాత్రం లోపలి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు వచ్చే గొట్టాన్ని తెరిచి పట్టుకోవడానికి కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని వాడుకుంటుంది. మీ డైక్లోఫెనాక్ సరిగ్గా దాన్నే ఆపేసింది. అంటే రావాల్సిన రక్తం రాలేదు, ఉన్న ఒత్తిడీ నిలవలేదు. ఈ మూడు రకాల మందులు ఒకేసారి పడి కిడ్నీ పాడైన కేసులు డాక్టర్లకు బాగా పరిచయం. సమయానికి పట్టుకుంటే చాలామందిలో తిరిగి కోలుకుంటుంది, ఆలస్యం చేస్తే ఆ మాట గట్టిగా చెప్పలేం. పాదాల వాపు డైక్లోఫెనాక్ నీటిని పట్టి ఉంచడం వల్ల కావచ్చు, గుండె వల్ల కావచ్చు, మరొకటి కావచ్చు. చూడకుండా ఉత్తరంలో తేల్చడం కుదరదు.

దీనికి తోడు ఆ లో-సోడియం ఉప్పు. అందులో సోడియం తగ్గించిన మేరకు సాధారణంగా పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ బాగున్నవారికి అది మంచిదే. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మామూలు ఉప్పుకు బదులు దాన్ని వాడవచ్చని సూచించింది. అయితే పిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, పొటాషియం సరిగా బయటకు పోనివారికి ఆ సలహా వర్తించదని అందులోనే చెప్పింది. టెల్మిసార్టాన్ తరహా మందులు పొటాషియాన్ని ఒంట్లో నిలబెడతాయి. థయజైడ్ దాన్ని కొంత తగ్గిస్తుంది నిజమే, కానీ కిడ్నీ నెమ్మదించినప్పుడు ఆ లెక్క మీద ధైర్యంగా ఉండలేం. పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 లోపు ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ముందుగా నొప్పి అంటూ ఏమీ ఉండదు. అందుకే ఈసీజీ కూడా అవసరం కావచ్చు. రిపోర్టు వచ్చేదాకా ఆ ఉప్పూ, నొప్పి మాత్రలూ పక్కన పెట్టండి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఇవాళ చూసే డాక్టరే ఆ నిర్ణయం తీసుకోవాలి. ఓఆర్ఎస్‌లో కూడా పొటాషియం ఉంటుంది కాబట్టి, ఇప్పుడు మూత్రం తగ్గిందని లీటర్లకు లీటర్లు తాగేయకండి.

ఇక మందలించాల్సిన విషయానికొస్తాను. తిన్న రెండు గంటల్లోపే వాంతులు వచ్చాయంటే, క్రిమి మీ కడుపులోకి వెళ్లి పెరిగేంత వ్యవధి లేదు. అది రాత్రంతా నూడుల్స్‌లోనే పెరిగి, విషం తయారుచేసి పెట్టి ఉండాలి. ఉడికించిన నూడుల్స్, పాస్తా, అన్నం బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా చేసే పని ఇదే. స్టాఫైలోకాకస్ కూడా ఇలాగే చేస్తుంది. మీరు పొగలు కక్కేలా వేడిచేసినా లాభం లేకపోయింది, ఎందుకంటే బాసిల్లస్ వదిలే సెరియులైడ్ అనే విషం 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచినా చెడదు. ఇంట్లో ఏ పొయ్యీ దాన్ని విరగ్గొట్టలేదు. మరి మీ యాంటీబయాటిక్ ఎవరిని చంపడానికి వేసుకున్నట్టు? పైగా అది ‘ఇంట్లో ఉంది’ అంటున్నారు. మిగిలి ఉందంటే పోయినసారి ఎవరో కోర్సు మధ్యలో ఆపేశారన్నమాట. దాని పేరు కూడా రాయలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ అట్ట తీసుకెళ్లండి.

విరేచనాలు కట్టే మాత్ర మీద నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. మలంలో రక్తం ఉందో లేదో, జ్వరం వచ్చిందో లేదో మీరు రాయలేదు. బీఫ్ సరిగా ఉడకకపోతే వచ్చే ఇన్ఫెక్షన్లలో ఈ.కోలై ఓ157 ఒకటి. 1982లో అమెరికాలో హాంబర్గర్లు తిన్నవారిలో రక్త విరేచనాలకు కారణం ఇదేనని తొలిసారి గుర్తించారు. ఇది సాధారణంగా తిన్న మూడు నాలుగు రోజులకు బయటపడుతుంది కాబట్టి మీది అది కాకపోవచ్చు. కానీ అదే అయి ఉంటే, పేగు కదలకుండా ఆపే మాత్ర విషాన్ని లోపలే ఉంచుతుంది. యాంటీబయాటిక్ వల్ల కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరగవచ్చు. ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలకు ఇది ప్రాణాంతకం కావచ్చు. అదే గిన్నెలోంచి ఇంట్లో పిల్లలెవరైనా తిని ఉంటే వారికి రక్త విరేచనాలు, మూత్రం తగ్గడం, ఒళ్లు పాలిపోవడం ఉన్నాయేమో గమనించండి. పిల్లలకు ఈ రెండు మందులూ సొంతంగా వేయొద్దు. ఎవరి పిల్లలకైనా ఇదే మాట.

ఇలాంటి రోజున ప్యాకెట్ మొత్తం దాని మీద రాసిన కొలత ప్రకారం నీటిలో కలిపి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగాలి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జోలికి పోకుండా, లివర్ జబ్బు లేకపోతే పరిమితిలో పారాసెటమాల్ చాలు. బీపీ మాత్ర వేసుకోవాలా, ఒకట్రెండు రోజులు ఆపాలా అని ఫోన్ చేసి అడగాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. ఒక్క ఫోన్ కాల్‌కు బద్ధకించి మూడు రకాల మాత్రలు మింగేవాళ్లను నేను వారం వారం చూస్తూనే ఉన్నాను. పోనీలే, ఇప్పుడైనా రాశారు.

ఇప్పుడు వంటకొద్దాం. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు, క్లుప్తంగా చెబుతాను. పలుచగా కోసిన బీఫ్ ముక్కల్లో క్రిములు ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి, పెద్ద మంట మీద రెండు నిమిషాల్లో చస్తాయి. కానీ బాణలి నిండా ముక్కలు ఒకేసారి కుమ్మరిస్తే వేడి పడిపోయి నీరు ఊరుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతాయి. రెండు వాయిలుగా వేయించండి. ఖీమా అయితే పైన ఉన్న క్రిమి లోపలికీ కలిసిపోతుంది, కాబట్టి లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ చేరాలి. రంగు చూసి ఉడికిందనుకోవడం నమ్మకమైన పద్ధతి కాదు. పచ్చి మాంసం కోసిన పలక మీద క్యాప్సికం కోయొద్దు. మాంసాన్ని కుళాయి కింద కడిగితే ఆ తుంపర్లు సింకంతా పడతాయి. మాంసం నానబెట్టిన సాస్‌ను మరిగించకుండా చివర్లో పైన పోయొద్దు. మిగిలితే రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెలో పలుచగా పరిచి, 5 డిగ్రీల లోపు ఉండే ఫ్రిజ్‌లో పెట్టండి. ముందే ఉడికించి వార్చిపెట్టే నూడుల్స్‌కూ ఇదే నియమం.

వంటసోడా కలపవచ్చా అంటే, బీపీ ఉన్నవారికి నేను చెప్పను. ఒక టీస్పూన్ సోడాలో సుమారు 1,250 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. వంటలో పావు స్పూన్ వేసి, పావుగంట తర్వాత కడిగేస్తారు కాబట్టి మిగిలేది తక్కువే. అయినా కండ పోగుకు అడ్డంగా పలుచగా కోసి, కాస్త కార్న్‌ఫ్లోర్ పట్టిస్తే మాంసం అంతే మెత్తగా ఉంటుంది. మీ అసలు లెక్క సోయా సాస్ దగ్గరుంది. ఒక టేబుల్ స్పూన్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 2,000 లోపే. ఉప్పు మార్చి సాస్ రెండు మూడు స్పూన్లు పోస్తే ఏం మిగిలింది? అల్లం, వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసంతో రుచి తెచ్చుకుని, సాస్ ఒక టీస్పూన్‌తో ఆపండి. నూడుల్స్ ప్యాకెట్‌లోని మసాలా పొడిని వదిలేయండి.

నూనె విషయానికొస్తే, రిఫైన్డ్ వేరుశనగ, రైస్ బ్రాన్, పొద్దుతిరుగుడు, ఏదైనా పర్వాలేదు. పొగ రావడం మొదలవగానే ముక్కలు వేసేయండి, నల్లగా మాడ్చకండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి. రెడ్ మీట్ వండిన తర్వాత బరువు వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటకూడదని క్యాన్సర్ నివారణ నిపుణులు చెబుతారు. మీ రెండు మూడు సార్లు, తడవకు 100 గ్రాముల చొప్పున, అందులో ఇమిడిపోతుంది. క్రియాటినిన్ పెరిగి ఉంటే మాత్రం మాంసం ఎంత, నూడుల్స్ ఎన్నిసార్లు అన్న లెక్కంతా మారుతుంది. అది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు రిపోర్టు ముందు పెట్టుకుని చెప్పాల్సిందే, ఇక్కడి నుంచి నేను చెప్పేది కాదు.