బ్యాలెన్స్ చూసుకున్నాకే కార్డు వాడాను, మరి ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీలు ఎందుకు పడ్డాయి?

ప్రశ్న: రోజువారీ ఖర్చులన్నీ డెబిట్ కార్డుతోనే చేస్తాను. కొనేముందు యాప్‌లో బ్యాలెన్స్ చూసుకుంటాను. అయినా ఈ నెల స్టేట్‌మెంట్‌లో ఒకే రోజు మూడు ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీలు (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ ఖర్చయితే బ్యాంకు వేసేవి) కనిపించాయి. మూడూ చిన్నచిన్న కొనుగోళ్ల మీదే. డబ్బు లేకపోతే కార్డు పనిచేయకూడదు కదా? నా లెక్క ఎక్కడ తప్పింది?

జవాబు: మీరు అజాగ్రత్తగా లేరండి. ముందు ఆ బాధ పక్కన పెట్టండి. యాప్‌లో కనిపించే బ్యాలెన్స్‌లో, మీరు ఇప్పటికే ఖర్చుపెట్టినా ఇంకా ఖాతాలోంచి పోని డబ్బు కూడా కలిసి ఉండొచ్చు. ఇబ్బంది అక్కడే వచ్చింది.

కార్డు పెట్టగానే దుకాణానికి డబ్బు వెళ్లిపోదు. బ్యాంకు అనుమతి ఇచ్చి, అంత మొత్తాన్ని మీ ఖాతాలో పక్కన పెడుతుంది. దాన్నే హోల్డ్ అంటారు, యాప్‌లో పెండింగ్ అని కనిపిస్తుంది. అసలు డబ్బు కదిలేది తరచుగా ఒకటి రెండు రోజుల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. ఈలోపు హోల్డ్ గడువు తీరిపోతే ఆ మొత్తం తిరిగి మీ బ్యాలెన్స్‌లో చేరుతుంది. డబ్బు ఉందనుకుని మీరు ఇంకోటి కొంటారు. ఆ తర్వాత పాత బిల్లు వచ్చి పడుతుంది. పెట్రోల్ బంకులు, హోటల్ గదుల దగ్గర అయితే చివరి బిల్లు ఎంతో ముందు తెలియదు కాబట్టి హోల్డ్‌కూ అసలు ఖర్చుకూ పొంతన ఉండకపోవచ్చు.

మూడు చార్జీలు ఒకేరోజు పడ్డాయన్నారు కదా, అది నాకు ముఖ్యమైన ఆనవాలు. ఆ రోజు పెద్ద మొత్తం ఏదైనా పోయిందేమో స్టేట్‌మెంట్‌లో చూడండి. ఎందుకంటే లావాదేవీలను బ్యాంకు ఏ వరుసలో ఖాతాలో రాస్తుందన్న దానిమీద చార్జీల సంఖ్య మారిపోతుంది. ఖాతాలో 1,000 ఉందనుకోండి. 50 చొప్పున నాలుగు చిన్న ఖర్చులు, 950 ఒక పెద్ద చెల్లింపు వచ్చాయి. చిన్నవి ముందు రాస్తే నాలుగూ సాఫీగా పోతాయి, 800 మిగులుతుంది, పెద్దదానికి మాత్రమే చాలదు. చార్జీ ఒక్కటే. పెద్దది ముందు రాస్తే 50 మిగులుతుంది. దాంతో ఒక చిన్న ఖర్చు తీరుతుంది, మిగతా మూడూ మైనస్‌లోకి వెళతాయి. మూడు చార్జీలు! ఖర్చు అదే, డబ్బు అదే, వరుస ఒక్కటే మారింది. కొన్ని దేశాల్లో ఈ పెద్దది-ముందు పద్ధతి మీద ఖాతాదారులు కోర్టులకు కూడా వెళ్లారు. మీ బ్యాంకు ఏ వరుస పాటిస్తుందో అడిగి తెలుసుకోండి.

ఈ చార్జీ ఎంత ఖరీదైన అప్పో కూడా చూడండి. 50 తక్కువైందని 30 చార్జీ వేశారు, మీరు అయిదు రోజుల్లో కట్టేశారు అనుకుందాం. అయిదు రోజులకు 60 శాతం. ఏడాది వడ్డీగా లెక్కేస్తే 4,000 శాతం దాటుతుంది. ఇంత వడ్డీకి ఎవరైనా బయట అప్పిస్తానంటే మనం గడప కూడా తొక్కనివ్వం.

డబ్బు లేకపోతే కార్డు ఆగాలి కదా అన్నారు. ఆగాలంటే ఓవర్‌డ్రాఫ్ట్ సదుపాయం ఆఫ్‌లో ఉండాలి. ఖాతా తెరిచేటప్పుడు పెట్టిన సంతకాల్లో దానికి ఒప్పుకున్న సంగతి చాలామందికి గుర్తుండదు. అమెరికాలో 2010 నుంచి ఒక నిబంధన ఉంది: ఏటీఎం, ఒకసారి చేసే డెబిట్ కార్డు ఖర్చుల మీద ఈ చార్జీ వేయాలంటే ఖాతాదారు ముందుగా ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి విడి చార్జీలు తీసేసి, ఒకే వార్షిక వడ్డీ రేటు చెప్పమన్నారు. భారత్‌లో మామూలు పొదుపు ఖాతాకు ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వడం అరుదే. కనీస నిల్వ లేదన్న చార్జీ ఒక్కదాని వల్ల పొదుపు ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

అందుకని ఈ వారమే బ్యాంకుకు ఫోన్ చేసి, కార్డు ఖర్చులకు ఓవర్‌డ్రాఫ్ట్ తీసేయమనండి. అప్పుడు డబ్బు చాలకపోతే చాలావరకు కౌంటర్ దగ్గరే కార్డు తిరస్కరిస్తుంది. ఒక నిమిషం ఇబ్బందిగా ఉంటుంది, నిజమే, కానీ చార్జీ కంటే అది నయం. హోల్డ్ తక్కువగా పడిన బిల్లులు, ఆటో డెబిట్‌లు మాత్రం అప్పుడు కూడా మైనస్ చేయగలవు. పాత కార్డు మార్చినంత మాత్రాన నెలవారీ సబ్‌స్క్రిప్షన్లు ఆగుతాయనుకోకండి. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌లు కొత్త నంబరును వ్యాపారులకు అందించే ఏర్పాటు ఉంది. వాటిని ఒక్కొక్కటిగా మీరే రద్దు చేయాలి.

అదే ఫోన్‌లో ఆ మూడు చార్జీలు వెనక్కి ఇవ్వమని అడగండి. మొహమాటపడొద్దు. మొదటిసారి అయితే బ్యాంకులు చాలాసార్లు ఒప్పుకుంటాయి. మూడూ కుదరదంటే రెండైనా ఇవ్వమనండి. కాదంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లాల్సి వస్తే ఆ కాగితమే ఆధారం.

ఇక శాశ్వతంగా టెన్షన్ తగ్గాలంటే నేను చెప్పేది రెండు ఖాతాలు. జీతం ఒకదాంట్లో పడనివ్వండి. అద్దె, వాయిదాలు, సబ్‌స్క్రిప్షన్లు అక్కడి నుంచే పోనివ్వండి. వారానికి ఇంత అని రెండోదానికి పంపి, కార్డు దానికే వాడండి. రెండో ఖాతాకు కనీస నిల్వ షరతు లేకుండా చూసుకోండి. ఒకదాంట్లో డబ్బు చాలకపోతే రెండోదాంట్లోంచి తీసేలా, రెండింటినీ ఓవర్‌డ్రాఫ్ట్ రక్షణ పేరుతో లింక్ చేస్తామని బ్యాంకు అంటే, బదిలీ చేసిన ప్రతిసారీ రుసుము ఉంటుందేమో ముందు అడగండి. బ్యాలెన్స్ తగ్గితే వచ్చే మెసేజ్‌ను సున్నా దగ్గర కాదు, మీ రెండు రోజుల ఖర్చంత మొత్తం దగ్గర పెట్టుకోండి. పెండింగ్‌లో ఉన్న బిల్లులు సాధారణంగా వచ్చి పడేది ఆ రెండు రోజుల్లోనే.