సొంత జాగలో బంధువుల బర్రెలు: మమ్మల్ని గట్టెక్కించింది జున్నుపాలు

మీరు అడిగింది ఇదీ: ఊళ్లో మీ నాన్నగారి ఇంటి స్థలంలో దగ్గరి బంధువులు తొమ్మిదేళ్లుగా బర్రెలు కట్టేసుకుంటున్నారు. ఇప్పుడు ఇల్లు కట్టుకుందామంటే కదలడం లేదు. సంబంధం మాత్రం ఇంకా పూర్తిగా చెడలేదు. ఒకరోజు పొద్దున్నే వెళ్లి బర్రెలను విప్పి బయటికి తోలేస్తే తప్పా?

తప్పే. విప్పకండి. నేను విప్పాను కాబట్టి చెబుతున్నాను.

మేముండేది హైదరాబాద్ నాచారంలో. మా ఊరు చేవెళ్ల దాటాక వస్తుంది. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్లుండే భూమిలో, బాపు వాటాకు మూడు వందల గజాల జాగ ఉంది. అందులో ఉన్న పాత మట్టి ఇల్లు వానలకు కూలిపోయింది. 2008లో బాపుకు వరుసకు తమ్ముడయ్యే చిన్నాయన వచ్చి, "అన్నా, ఈ వానాకాలం రెండు బర్లు కట్టేసుకుంట" అన్నాడు. "కట్టుకోరా, ఉత్తగనే పడి ఉంది గదా" అన్నాడు బాపు. కిరాయి లేదు, కాగితం లేదు. అన్నదమ్ముల మధ్య కాగితం అడగడమంటే మొహం మీద అనుమానపడ్డట్టే.

ఆ వానాకాలం ఇక అయిపోలేదు. రెండు బర్రెలు ఐదయ్యాయి. కట్టె గుంజల చోట ఇనుప పైపులు, తాటికమ్మల చోట రేకులు వచ్చాయి. సిమెంటు తొట్టి కట్టారు. నిజం చెప్పాలంటే అప్పట్లో ఇవేవీ మాకు బాధ అనిపించలేదు. సిటీలో ఉండి ఊళ్లో జాగ ఉన్నవాళ్లందరిదీ ఒకటే లెక్క: మనవాళ్ల బర్రెలుంటే బయటివాడు కబ్జా పెట్టడు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి, ఊళ్లో గజం లెక్కన బేరాలు మొదలయ్యేదాకా ఆ లెక్క బాగానే నడిచింది.

2021లో బాపు ఊరికి వెళ్లినప్పుడు షెడ్డు గోడకు కరెంటు మీటరు కనిపించింది, చిన్నాయన పేరు మీద. ఆ రాత్రి బాపు అన్నం తినలేదు. బర్రెలు పెరిగితే పట్టించుకోని మనిషికి ఆ చిన్న డబ్బా చూడగానే భయం పట్టుకుంది. నేను చిన్నాయనను అడిగితే, "జాగ మీదేరా, కాదన్నమా? బర్లను ఏడ కట్టాలె, నువ్వే చెప్పు" అన్నాడు. ఆయన కొడుకు మాత్రం బాపుతో ఇంకో మాట అన్నాడు: "పన్నెండేండ్లు దాటింది పెద్దనాయనా. చట్టం ప్రకారం మాదే అయితది."

మా దగ్గర ఏముంది? గ్రామకంఠంలోని ఇంటి జాగకు పట్టాదారు పాస్‌బుక్ ఉండదు. తెలంగాణలో 2020లోనే వీఆర్‌వోలను (గ్రామ రెవెన్యూ అధికారులను) తీసేశారు కాబట్టి, ఏ గోడ ఎవరిదో తెలిసిన సర్కారు మనిషి అప్పుడు ఊళ్లో లేడు. ఇల్లు ఉన్నప్పటి ఇంటి పన్ను రసీదులు బాపు ట్రంకు పెట్టెలో ఐదు దొరికాయి. అంతే.

అప్పుడు నేను ఆ తెలివితక్కువ పని చేశాను. ఒక ఆదివారం ఇద్దరు స్నేహితులను కారులో వేసుకుని వెళ్లి, తెల్లారకముందే మూడు బర్రెలను విప్పి, తీసుకెళ్లి పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టుకు కట్టేశాం. పాత రోజుల్లో పంట మేసిన పశువును బందెలదొడ్డికి తోలేవాళ్లు కదా, నేను చేసిందీ అదే అనుకున్నాను. ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు, ఆ రెండింటికీ పొంతన లేదని. చేనులో పడి మేసిన పశువు వేరు, మన పెద్దలు రమ్మంటే వచ్చి కట్టేసిన పశువు వేరు.

ఆ మూడింటిలో ఒకటి ఏడు నెలల సూడిది. నాలుగు రోజులకు అది ఈచుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే కడుపు పోయింది. మేం తోలడం వల్లే అయిందని ఎవరూ తేల్చలేదు. బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులతో కూడా ఆఖరి నెలల్లో ఇలా అవుతుందని పశువుల డాక్టరే అన్నారు. కానీ ఊరికి డాక్టరు మాట ఎందుకు? నిన్నటిదాకా "పాపం, మీ జాగ మీకు రావాలె" అన్నవాళ్లే "మూగజీవం ఉసురు పోసుకున్నరు" అనడం మొదలుపెట్టారు. ఒక్క పొద్దుతో న్యాయం అటువైపు మారిపోయింది.

ఫిర్యాదు కూడా ఇచ్చారు. ఎస్ఐ మర్యాదగానే మాట్లాడాడు. "జాగ సంగతి సివిల్, కోర్టులో చూసుకోండి. బర్రె సంగతి మాత్రం నా దగ్గరికే వస్తది" అన్నాడు. అప్పటి ఐపీసీ 429 ప్రకారం బర్రెను కావాలని చంపినా, పనికి రాకుండా చేసినా ఐదేళ్ల దాకా జైలు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 325వ సెక్షన్. శిక్ష అంతే, ఐదేళ్ల దాకా. కేసు కట్టకుండా పెద్దమనుషుల్లో తేల్చుకుంటామని రెండువైపులా ఒప్పుకోవడంతో బయటపడ్డాను. ఆ వారం రోజుల టెన్షన్‌లో మూడు కిలోలు తగ్గాను.

షెడ్డు కూలగొడదామన్న ఆలోచన మీకుంటే అదీ మానుకోండి. స్వాధీనంలో ఉన్నవాడిని కోర్టు దారిలో కాకుండా బలవంతంగా వెళ్లగొడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆర్నెల్లలోపు దావా వేసి తిరిగి రావచ్చు. ఆ దావాలో జాగ ఎవరిదన్న ప్రశ్నే రాదు. మీ కాగితాలు ఎంత గట్టివైనా అక్కడ పనికిరావు.

ఇక పంచాయతీ. రెండువైపులా పదేసి వేలు డిపాజిట్ పెట్టించుకున్నారు. మొదటి రోజంతా వృథా. మా మేనత్త పెళ్లిలో ఎవరు ఎవరికి బట్టలు పెట్టలేదో అక్కడి నుంచి ఎత్తుకున్నారు. రెండో రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక ముసలాయన, ఒకప్పుడు చెరువు కింద నీళ్లు వదిలిన నీరటి, చిన్నాయనను అడిగాడు: "నీ బర్రె ఈనితే జున్నుపాలు ఎవరింటికి పంపినవ్?"

కొడుకు నోరు తెరిచేలోపే చిన్నమ్మ చెప్పేసింది: "బావోళ్లింటికి. మొదటి చెంబు వాళ్లదే గదా."

నిజమే. బర్రె ఈనిన ప్రతిసారీ చేవెళ్ల నుంచి వచ్చే బస్సులో ఒక స్టీలు క్యాను మెహిదీపట్నం దాకా వచ్చేది. నాచారం నుంచి అంత దూరం వెళ్లి తెచ్చుకోవడం నా పనే. పదమూడేళ్లు తెచ్చాను, విసుక్కుంటూనే. ఏటా వానలకు ముందు ఆ కొట్టంలోని పెంట రెండు ట్రాక్టర్లు మా చేనుకే వచ్చేది.

"జాగ నీదైతే జున్ను వాళ్లకెందుకు పోతది? పెంట వాళ్ల చేన్ల ఎందుకు పడ్డది?" అన్నాడు ముసలాయన. చిన్నాయన తల దించుకున్నాడు. ఆయన మొదటి నుంచీ కాదనలేదు, కొడుకే అన్నాడు, అది కూడా చెప్పాలి.

తర్వాత ఒక లాయర్‌ను కలిస్తే, ముసలాయన అడిగిందే చట్టం భాషలో చెప్పారు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 65వ అధికరణం ప్రకారం పన్నెండేళ్ల గడువు ఉన్న మాట నిజమే. కానీ ఊరికే ఉన్నందుకు కాదు. "ఇది నాది, నీది కాదు" అని అసలు యజమానికి తెలిసేలా ఎదురు నిలబడి ఉన్న కాలమే లెక్కలోకి వస్తుంది. అనుమతితో ఉన్నవాడు ఇరవై ఏళ్లున్నా అనుమతితో ఉన్నవాడే. అయితే "జాగ మాదే" అని వాళ్లు తేల్చి చెప్పిన రోజు నుంచి లెక్క మొదలైందని వాదించవచ్చు. అందుకే ఆ మాట వినపడ్డాక మీరు మాత్రం కూర్చోకూడదు.

కాబట్టి మీరు మొదట వెతకాల్సింది పట్టా కాదు. వాళ్లు మీ అనుమతితోనే అక్కడున్నారని చూపించే ఏ చిన్న గుర్తయినా సరే. వాట్సాప్‌లో "అన్నా, ఇంకో రేకు వేసుకుంటున్న" అని పెట్టిన మెసేజ్, పండగకు పంపిన నెయ్యి, ఆ విషయం తెలిసిన పక్కింటివాళ్లు. సంబంధం ఇంకా పూర్తిగా చెడలేదు అంటున్నారు కదా, ఇప్పుడే మంచి మాటల మీద ఒక కాగితం రాయించుకోండి. "ఫలానా ఏడాది నుంచి మీ అనుమతితో పశువులు కట్టేసుకుంటున్నాం, ఫలానా నెలకు తీసేస్తాం" అని రెండు వాక్యాలు, సాక్షుల సంతకాలు. అది లేకుండా గడువు పొడిగించకండి.

ఇంకొకటి, మాకు చివర్లో తెలిసింది. ఐదు బర్రెల్లో రెండు చిన్నాయనవి కావు. ఆయన బావమరిదివి, దూడల్లో సగం ఇచ్చే ఒప్పందం మీద వాటాకు తెచ్చుకున్నవి. రేపు ఒప్పందం రాసుకున్నాక ఆ బావమరిది వచ్చి "నా బర్లను నేను తియ్య, నన్నెవరడిగిండ్రు" అంటే మళ్లీ మొదటికొస్తుంది. ఏ పశువు ఎవరిదో ముందే తేల్చుకోండి. చెవికి పసుపు రంగు ట్యాగ్ ఉంటే దాని మీద పన్నెండంకెల నంబరు ఉంటుంది. టీకాలు వేసేటప్పుడు అది యజమాని పేరుతోనే నమోదవుతుంది. మేం ఆ నంబర్లు కూడా కాగితంలో రాశాం.

గడువు దగ్గర నేను మా లాయర్ మాట కాక పెద్దమనుషుల మాటే విన్నాను. లాయర్ నెల రోజులు చాలన్నారు. కానీ ఇంకో బర్రె కూడా సూడితో ఉంది. బర్రె పది నెలలు మోస్తుంది కాబట్టి దానికి ఇంకా రెండు నెలలు. ఈనాక దూడ నిలదొక్కుకోవడానికి ఒక నెల. మూడు నెలలిచ్చాం. రేకులు, పైపులు వాళ్లే విప్పుకుపోవాలి. తొట్టి పగలగొట్టకుండా దానికి మేం పన్నెండు వేలు ఇవ్వాలి. మీటరు వాళ్లే రద్దు చేయించుకోవాలి. ఈచుకుపోయిన బర్రెకు నేను ఇరవై వేలు ఇచ్చాను. తప్పు ఒప్పుకున్నట్టు కాదని కాగితంలో రాయించాను గానీ, ఒప్పుకున్నట్టే.

బర్రెలను చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో, కట్టుకోమని ఎవరో సలహా ఇచ్చారు. అది మన తలనొప్పిని సర్కారు భూమి మీదికి తోయడమే, రేపు వాళ్లు వచ్చి పీకేస్తే మళ్లీ మన గుమ్మం ముందుకే వస్తారు. చివరికి బావమరిది పొలం గట్టున కొట్టం వేసుకున్నారు.

పెద్దమనుషుల్లో తేలకపోతే నేరుగా కోర్టుకు పోయేముందు మండల న్యాయ సేవాధికార కమిటీలో అర్జీ పెట్టండి. అక్కడ ఫీజు ఉండదు. రెండువైపులా ఒప్పుకుని లోక్ అదాలత్‌లో అవార్డు రాయించుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. పెద్దమనుషుల కాగితానికి ఆ బలం లేదు. మాది ఇప్పటికీ వంద రూపాయల స్టాంపు కాగితమే. ఇంకోసారి చేయాల్సి వస్తే అదాలత్‌కే వెళ్తాను.

మీ ప్రశ్నలో వాళ్ల బర్రెలు ఎన్నో రాశారు గానీ, వాటిలో సూడివి ఎన్నో, ఎన్నో నెలో రాయలేదు. అది కనుక్కుని కింద రాయండి, ఎంత గడువు అడగొచ్చో చెబుతాను.