వాచీలో పల్స్ 82... ఫిట్‌నెస్ లేనట్టేనా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. పెదవాల్తేరులో ఉంటాను. పోర్టులో షిఫ్టు డ్యూటీ. మూడు నెలలుగా వారానికి ఐదు రోజులు బీచ్ రోడ్డులో అరగంట నడుస్తున్నాను. మెట్లెక్కితే మునుపటంత ఆయాసం రావడం లేదు. కానీ స్మార్ట్ వాచీలో పల్స్ 82కి తగ్గట్లేదు. నాతో నడిచే స్నేహితుడు నాకన్నా లావు, బీపీ మాత్రలు కూడా వాడతాడు. అతనికేమో 58 చూపిస్తోంది. నాకు ఫిట్‌నెస్ రానట్టేనా? గుండె పరీక్షలు చేయించుకోవాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మెట్లెక్కినా మునుపటంత ఆయాసం రావడం లేదంటే మీ ఫిట్‌నెస్ పెరిగినట్టే. వాచీ ఇంకా ఒప్పుకోలేదు, అంతే. పెద్దవాళ్లకు విశ్రాంతిలో గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలే కాబట్టి 82తో కంగారు లేదు. అయితే ఆ 82 ఎప్పుడు చూసిందో మీరు రాయలేదు. డ్యూటీ దిగి వచ్చి, టీ తాగి, టీవీ ముందు కూర్చుని చూసిన అంకె అయితే దాన్ని విశ్రాంతి పల్స్ అనలేం.

మీ స్నేహితుడి అంకెతో పోల్చుకోకండి. బీపీ మాత్రల్లో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని నేరుగా తగ్గిస్తాయి. అతను వాడేవి అవే అయితే ఆ 58 మాత్ర వల్ల వచ్చింది కావచ్చు. పల్స్ బాగా తగ్గిపోయిందని వాటిని సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం. థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉన్నా, గుండెలో విద్యుత్ ప్రసారం దెబ్బతిన్నా పల్స్ తగ్గుతుంది. తక్కువ అంకె ప్రతిసారీ మంచిదేమీ కాదు.

వ్యాయామంతో పల్స్ ఎందుకు తగ్గుతుందంటే, విశ్రాంతిలో ఒంటికి నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం కావాలి. గుండె ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్లు పంపితే 71 సార్లు కొట్టుకోవాలి. సాధనతో 90 మిల్లీలీటర్లు పంపగలిగితే 56 సార్లు చాలు. దానికితోడు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం పట్టు కూడా పెరుగుతుంది. దూరాలు పరుగెత్తే క్రీడాకారుల్లో 40లలో పల్స్ కనిపించేది అందుకే. ఇది నెలల మీద జరిగే మార్పు. మీలాంటివారికి రెండు మూడు నెలల క్రమమైన వ్యాయామంతో నాలుగైదు దెబ్బలు తగ్గినా మంచి ఫలితమే. కొందరికి పుట్టుకతోనే పల్స్ కాస్త ఎక్కువ. వాళ్లు ఎంత నడిచినా 60కి దిగకపోవచ్చు.

ఇక కొలత. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, టీ కాఫీలకు ముందే చూడాలి. మూత్రం ఆపుకోలేనట్టుంటే వెళ్లొచ్చి, ఐదు నిమిషాలు పడుకుని చూడండి. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, చూపుడువేలు, మధ్యవేలు మెల్లగా ఆనించి పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టండి. బొటనవేలితో చూడొద్దు, దానికీ సొంత నాడి ఉంటుంది. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క దెబ్బ తప్పినా నాలుగు తేడా వస్తుంది. అలా ఏడు రోజులు రాసి సగటు తీయండి, అదే మీ అసలు అంకె. నైట్ షిఫ్టు చేసిన రోజు మధ్యాహ్నం ఎప్పుడు నిద్ర లేస్తే అదే మీ తెల్లవారు, అప్పుడే చూడండి. నిద్ర చాలని రోజు, ముందురోజు రాత్రి మద్యం తాగిన రోజు, జ్వరం ఉన్న రోజు వచ్చినవి ఆ సగటులో కలపొద్దు. ఒళ్లు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితేనే పల్స్ సుమారు 10 పెరుగుతుంది.

వాచీ చర్మంలోకి ఆకుపచ్చ కాంతి వేసి, రక్తం వచ్చిపోయే తీరును బట్టి లెక్క కడుతుంది. పట్టీ వదులుగా ఉన్నా, చేయి ఊగుతున్నా తప్పు చూపిస్తుంది. మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, జారకుండా కట్టుకోండి. కొన్ని వాచీలు నిద్రలోని కనిష్ఠాన్నే విశ్రాంతి పల్స్‌గా చూపిస్తాయి, కొన్ని పగటి సగటును చూపిస్తాయి. ఇద్దరి వాచీలు వేరైతే పోలిక అక్కడే చెడిపోయింది.

మీ నడక వేగం కూడా చూసుకోండి. కబుర్లు చెప్పుకుంటూ అరగంట నడిస్తే గుండెకు పెద్దగా పని పడదు. ముందు ఐదు నిమిషాలు మెల్లగా, తర్వాత మూడు నిమిషాలు జోరుగా, రెండు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగు విడతలు, చివర ఐదు నిమిషాలు మెల్లగా నడవండి. జోరు అంటే మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. అంకె కావాలంటే, 220లోంచి వయసు తీసేస్తే 178, ఇది మీ గుండె అందుకోగల గరిష్ఠ వేగం అంచనా. పొద్దుటి సగటు 72 వచ్చిందనుకుంటే తేడా 106. అందులో సగం నుంచి 60 శాతం దాకా తీసి 72కి కలిపితే 125 నుంచి 136, జోరు నడకలో పల్స్ ఈ మధ్య ఉండాలి. ఈ సూత్రం మనిషిని బట్టి పది, పన్నెండు దెబ్బలు అటూ ఇటూ అవుతుంది, పట్టుకుని వేలాడొద్దు. ఆరు వారాలయ్యాక వారానికి ఒకరోజు బీచ్ రోడ్డు బదులు కైలాసగిరి మెట్లు ఎక్కొచ్చు.

మే నెలలో ఇదే నడకకు పల్స్ పది, పదిహేను ఎక్కువ చూపిస్తే బెంగపడకండి. మన సముద్రపు ఉక్కలో చెమట ఆరదు. ఒంటి వేడి దించడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం తోయాల్సి వస్తుంది. డిసెంబరు అంకెతో మే అంకెను పోల్చడం అనవసరం.

విశ్రాంతి పల్స్ కన్నా త్వరగా మార్పు చూపించేది ఇంకొకటుంది. జోరు నడక ఆపగానే 15 సెకన్ల పల్స్ చూసి నాలుగుతో గుణించండి (అప్పటికి పల్స్ వేగంగా పడిపోతుంటుంది కాబట్టి ఇక్కడ ఇదే పద్ధతి). సరిగ్గా ఒక నిమిషం తర్వాత మళ్లీ చూడండి. ఎంత తగ్గిందో రాసుకోండి. వారం వారం ఆ తగ్గుదల పెరుగుతుంటే గుండె తేరుకుంటున్నట్టే. 12 కన్నా తక్కువే తగ్గుతున్నట్టు పదేపదే తేలితే డాక్టరుతో మాట్లాడాలి.

మీరు రాసినదాన్ని బట్టి వెంటనే గుండె పరీక్షలు అక్కర్లేదు. పొద్దుటి సగటు 90 దాటి అలాగే నిలిచిపోతే హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, ఒక ఈసీజీ చేయించండి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం పల్స్ పెంచే మామూలు కారణాలు. సిగరెట్, ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కూడా పెంచుతాయి. విశ్రాంతిలో 100 దాటుతున్నా, 50 లోపు ఉండి కళ్లు తిరుగుతున్నా, దెబ్బలు క్రమం తప్పుతున్నా ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించుకోవాలి. నడకలో ఛాతీ బరువెక్కినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, స్పృహ తప్పినట్టయినా పల్స్ లెక్కపెడుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.