సోషలిజం నడవకపోవడానికి మనిషి స్వార్థమే కారణమా?

మనిషి పుట్టుకతోనే స్వార్థపరుడు, అందరి సొత్తంటే ఎవరికీ పట్టని సొత్తే, అలాంటప్పుడు సోషలిస్టు సమాజం ఎలా నిలబడుతుంది అని అడిగారు. సోషలిజం అంటే ఇక్కడ పింఛన్లు, రేషన్ బియ్యం లెక్కలోకి తీసుకోవడం లేదు. పొలం, ఫ్యాక్టరీ, యంత్రం ఉమ్మడిగా ఉంచుకుని, వచ్చింది పంచుకోవడం అనే అర్థంలోనే మాట్లాడుతున్నాను.

ముందు మార్కెట్ యార్డులో హమాలీ ముఠాను గమనించండి. పదిమందో పదిహేనుమందో లారీ దించుతారు. బస్తాకి ఇంత అని కూలి ముఠా మొత్తానికి వస్తుంది, సాయంత్రం తలా ఇంత అని సమానంగా పంచుకుంటారు. ఎవరు ఎన్ని బస్తాలు మోశారో ఎవరూ రాసుకోరు. గుత్తకి నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠా కూడా అంతే: ఎకరాకి ఇంత అని మాట్లాడుకుని దిగుతారు, వచ్చిన డబ్బు సమానంగా పంచుకుంటారు. వీళ్ళెవరూ ఏ సిద్ధాంతమూ చదవలేదు. పక్కవాడి వీపు మీద బస్తా ఉందో లేదో అందరికీ కనిపిస్తుంది, అంతే. బద్ధకించేవాణ్ణి ఒకటి రెండు రోజులు సూటిపోటి మాటలంటారు, ఆ తర్వాత పనికి పిలవరు.

ఇప్పుడు అదే నాట్ల ముఠాను రైతు వైపు నుంచి చూడండి. వానాకాలంలో చదరపు మీటరుకి 33 కుదుళ్ళు, యాసంగిలో 44 ఉండాలని వ్యవసాయ శాఖ చెబుతుంది. గుత్త ఎకరాకి గానీ కుదుళ్ళకి కాదు. ఎకరం తొందరగా ముగిస్తే ఇంకో ఎకరం దొరుకుతుంది. గట్టు మీద నిలబడి చూసే మనిషి లేకపోతే కుదుళ్ళు ఇరవై పైచిలుకు దగ్గరే ఆగిపోతాయి. తమలో తాము అంత నిజాయితీగా పంచుకునే మనుషులే, బయటివాడి కొలతలో సందు దొరికేసరికి ఆ సందులోంచి నడుస్తారు. స్వభావం రెండుచోట్లా ఒక్కటే, మారింది కొలత.

సోవియట్ యూనియన్‌లో ఇదే దేశమంత పరిమాణంలో జరిగింది. రైతుల భూములు కలిపి ఉమ్మడిగా సాగుచేసే సమష్టి క్షేత్రాలకి ట్రాక్టర్లు సొంతంగా ఉండేవి కావు. ప్రభుత్వ యంత్ర కేంద్రాల నుంచి వచ్చి దున్నిపోయేవి. డ్రైవరుకి లెక్క దున్నిన హెక్టార్ల మీద. నాగలి లోతుగా దిగితే డీజిల్ ఎక్కువ తాగుతుంది, గంటలు ఎక్కువ పడతాయి. పంట ఎంత పండినా పండకపోయినా అతనికి పోయేదేమీ లేదు. కాబట్టి పైపైన గీకి వెళ్ళిపోయేవాడు. 1958లో ఆ కేంద్రాలు ఎత్తేసి యంత్రాలను క్షేత్రాలకే అమ్మేశారు. ఫ్యాక్టరీల్లోనూ అదే తంతు. పైకప్పుకి వేలాడదీసే దీపాల గుత్తుల (షాండ్లియర్ల) ఉత్పత్తి లక్ష్యం టన్నుల్లో ఇస్తే ఇంటి పైకప్పుకి భారమయ్యేంత బరువైనవి తయారుచేశారని 1959లో స్వయంగా సోవియట్ అధినేత క్రుశ్చేవే ఎద్దేవా చేశాడు.

సమష్టి రైతుకి జీతం ‘పనిదినాల’ లెక్కలో రాసేవారు. ఒక్కో పనికి సగం నుంచి రెండు దాకా, తర్వాతి కాలంలో రెండున్నర దాకా. ఆ పనిదినం విలువ ఎంతో ఏడాది చివర్లో గానీ తేలేది కాదు. ముందు ప్రభుత్వ వాటా, తర్వాత యంత్ర కేంద్రం బాకీ, తర్వాత విత్తనాలు, అవన్నీ పోగా మిగిలినదాన్ని పనిదినాలతో భాగించేవారు. భాగించడానికి ఏమీ మిగలని ఏళ్ళూ ఉండేవి. నెలనెలా ఖాయమైన జీతం 1966లో గానీ రాలేదు. ఇలాంటి పద్ధతిలో ఎవరైనా ఒళ్ళు దాచుకోకపోతేనే ఆశ్చర్యం.

ఇక్కడ చాలామంది ఓ అంకె విసురుతారు: సాగుభూమిలో సుమారు 3 శాతం ఉన్న, రైతుల సొంత పెరటి మడులు 1970ల్లో వ్యవసాయ ఉత్పత్తిలో పావు వంతు దాకా ఇచ్చాయని. అంకె సరైనదే, అర్థమే తప్పు తీస్తారు. పెరట్లో పండేది బంగాళాదుంప, కూరగాయలు, పాలు, గుడ్లు. అవి ఎకరాకి ఎక్కువ విలువిచ్చే సరుకులు. ఉమ్మడి పొలంలో ఉండేది గోధుమ. పైగా పెరటి ఆవు తినే మేత ఉమ్మడి పొలం నుంచే వచ్చేది. కాబట్టి సొంత మడిలో మనిషి ఎనిమిది రెట్లు పనిచేశాడని దీనివల్ల రుజువు కాదు. ఎక్కువ శ్రద్ధగా చేశాడన్నది మాత్రం నిజం.

చైనాలో షియావ్‌గాంగ్ అనే ఊరి కథ కూడా ఇలాగే సగమే చెబుతారు. 1978 చివర్లో అన్హుయి రాష్ట్రంలో 18 మంది రైతులు రహస్యంగా కాగితం రాసుకుని ఉమ్మడి భూమిని ఇంటింటికీ పంచుకున్నారు. ప్రభుత్వానికి ఇవ్వాల్సింది ఇచ్చాక మిగిలింది ఎవరిది వాళ్ళదే. మరుసటి ఏడు ధాన్యం అనేక రెట్లు పండింది. ఆ పద్ధతి కొన్నేళ్ళలోనే దేశమంతా పాకింది. అయితే 1979లోనే ప్రభుత్వం ధాన్యం సేకరణ ధర 20 శాతం పెంచింది, కోటాకి మించి అమ్మినదానికి ఇచ్చే అదనపు ధరను 30 నుంచి 50 శాతానికి పెంచింది. ఎరువులూ అప్పుడే ఎక్కువగా అందాయి. 1978 నుంచి 84 దాకా పెరిగిన పంట ఉత్పత్తిలో సుమారు సగం భూమి ఇంటింటికీ మారడం వల్ల వచ్చిందని ఆర్థికవేత్త జస్టిన్ లిన్ లెక్కగట్టాడు. సగం చాలా పెద్దదే, కానీ మొత్తం కాదు.

స్వభావం సంగతి తేల్చాలంటే ప్రయోగాలున్నాయి. నలుగురికి తలా కొంత డబ్బిచ్చి, ఉమ్మడి కుండలో వేసినదాన్ని పెంచి సమానంగా పంచుతామంటారు. ఏమీ వేయనివాడికే ఎక్కువ లాభం. అయినా మొదటి ఆటలో జనం సగటున సగం అటూఇటుగా వేస్తారు. ఆట సాగేకొద్దీ తగ్గిపోతుంది. ఎందుకంటే సుమారు సగం మంది ‘పక్కవాడు వేస్తే నేనూ వేస్తా’ రకం, మూడోవంతు దాకా ఏమీ వేయని రకం. ఈ రెండోరకాన్ని చూసి మొదటిరకం చేయి వెనక్కి తీసుకుంటుంది. ఎగవేతదారుకి జరిమానా వేసే వీలిస్తే మాత్రం, ఆ జరిమానా వేయడానికి తమ సొంత డబ్బే ఖర్చయినా వేస్తారు, కుండ మళ్ళీ నిండుతుంది. అంటే మనిషి పచ్చి స్వార్థపరుడూ కాదు, దానకర్ణుడూ కాదు. మోసపోవడం ఇష్టంలేనివాడు. హమాలీ ముఠాలో కనిపించేది సరిగ్గా ఇదే మనిషి.

ఈ మనిషితో ఏది నడుస్తుంది, ఏది నడవదు అన్నదానికి పాల సంఘం కంటే మంచి పాఠం లేదు. పాలకి లీటరు లెక్కన డబ్బిస్తే ఏమవుతుందో తెలిసిందే. 6.5 శాతం వెన్న ఉన్న 10 కిలోల గేదె పాలలో 650 గ్రాముల వెన్న ఉంటుంది. 2 కిలోల నీళ్ళు కలిపితే 12 కిలోలు. పరిమాణం చూసి డబ్బిస్తే 20 శాతం లాభం. వెన్న చూసి ఇస్తే? 5.4 శాతానికి పడిపోతుంది, 12 కిలోల మీద లెక్కేసినా అదే 650 గ్రాములు. నీళ్ళు మోసిన శ్రమ దండగ. వెన్నతో పాటు వెన్నేతర ఘనపదార్థాలు కూడా చూస్తే వాటి శాతం తొమ్మిదికి దిగువకు జారి ధర ఇంకా కోస్తారు. ఎవరికీ నీతులు చెప్పక్కర్లేదు. నమూనా తీసేటప్పుడు క్యాను బాగా కలిపి తీయడం, తూకం అందరి ముందూ వేయడం, అంకె అప్పటికప్పుడు పాసుపుస్తకంలో రాయడం, ఈ మూడింటిలో ఒకటి జారితే మాత్రం ఆర్నెల్లలో సంఘం రెండు వర్గాలవుతుంది. పరీక్ష చేసేవాడు ఎవరి బంధువన్నది చర్చకి వస్తుంది.

గమనించండి, ఇక్కడ గేదె ఎవరిది వాళ్ళదే. శీతలీకరణ కేంద్రం, డెయిరీ, బ్రాండు ఉమ్మడివి. 1956లో ఏకే విశ్వనాథరెడ్డి తెలంగాణలోని ముల్కనూరులో పెట్టిన సహకార సంఘం ఇప్పటికీ నిలబడింది, 2000లో అక్కడే మహిళలు మొదలుపెట్టిన స్వకృషి డెయిరీ నిలబడింది. రెండుచోట్లా పొలం, పశువు సభ్యులవే, అప్పు, ఎరువు, విత్తనం, అమ్మకం కలిసి. అదే 1959లో నాగపూర్ కాంగ్రెస్ తీర్మానం భూములు కలిపి ఉమ్మడి సేద్యం చేద్దామంది. నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా దాన్ని ఎదిరించి బయటికొచ్చి స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యాడు. రంగా రాజకీయాలన్నిటితో ఏకీభవించక్కర్లేదు గానీ రైతు నాడి ఆయనకి తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటంలో కమ్యూనిస్టులు కూడా ‘దున్నేవాడికే భూమి’ అని కుటుంబాలకి పంచారు తప్ప కలిపి దున్నించలేదు.

భూమి దగ్గర ఎందుకు తేడా వస్తుందంటే, పంట అనేది నాలుగు నెలల్లో వందల చిన్న పనుల ఫలితం. రాత్రి నీళ్ళు పెట్టడం, మడవ తిప్పడం, పురుగు కనిపించిన రోజే మందు కొట్టడం. దిగుబడి తగ్గితే వాన వల్లా, ఎవరి బద్ధకం వల్లా అన్నది తేల్చలేం. ఇరవై కుటుంబాలు సమానంగా పంచుకుంటే, నేను అదనంగా చేసిన 500 రూపాయల పనిలో నాకు దక్కేది 25. బస్తా కనిపిస్తుంది, పాలు కొలవొచ్చు, రాత్రి రెండింటికి తిప్పని మడవ ఎవరికీ కనపడదు.

మరి ఇజ్రాయెల్లోని ఉమ్మడి ఊళ్ళు, అంటే కిబుట్జ్‌లు భూమిని కూడా కలుపుకుని ఎలా నడిచాయి? 1910లో దెగానియాలో పన్నెండు మందితో మొదలై 1980ల చివరికి దాదాపు 270 ఊళ్ళయ్యాయి. అందరికీ ఒకే భోజనశాల, ఒకే బట్టల కొట్టు, పనిని బట్టి జీతంలో తేడా లేదు. చేరాలంటే ముందు కొంతకాలం ఉండి పనిచేయాలి, ఆపైన సర్వసభ్య సమావేశంలో ఓటు. అంటే ఎవరినిబడితే వాళ్ళని తీసుకోలేదు. ఒకరి ముఖం ఒకరు మూడు పూటలా చూసుకుంటారు కాబట్టి బద్ధకానికి సిగ్గే జరిమానా. ఆ ఊళ్ళని దెబ్బతీసింది ప్రధానంగా సోమరులు కారు. 1985లో ప్రభుత్వం ద్రవ్యోల్బణాన్ని అణచడానికి పూనుకోవడంతో వడ్డీల భారం పెరిగి, పాత అప్పులు మోయలేకపోయారు. జీవన ప్రమాణం పడిపోగానే, బయట ఎక్కువ జీతం దొరికే ఇంజినీర్లు, చదువుకున్న పిల్లలు ముందు వెళ్ళిపోయారు. డబ్బున్న కిబుట్జ్‌లు మాత్రం సమానత్వాన్ని ఎక్కువకాలం నిలబెట్టుకున్నాయి. 1990ల చివరి నుంచి ఎక్కువ ఊళ్ళు జీతాల్లో తేడాలకి ఒప్పుకున్నాయి. ఉచితం వల్ల వృథా కూడా నిజమే: కరెంటు బిల్లు ఉమ్మడి ఖాతాలో ఉన్నంతకాలం ఏసీలు ఆగేవి కావు, ఇంటింటికీ మీటరు పెట్టాక వాడకం తగ్గింది.

ముఖాలు చూసుకునే పద్ధతికి ఒక హద్దుంది. 1528లో ఉమ్మడి ఆస్తి పద్ధతి మొదలుపెట్టిన హటరైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు జనం 150 దగ్గరికి వచ్చేసరికి ఊరిని రెండుగా చీలుస్తారు. దేశాన్ని అలా చీల్చలేం. అక్కడికొచ్చేసరికి స్వార్థం కంటే సమాచారం పెద్ద సమస్య. మాస్కో ప్రణాళికా సంఘం సుమారు రెండు వేల రకాల సరుకులకి కూడికలూ తీసివేతలూ చేసి సరిపెట్టాల్సి వచ్చేది. కింది అంకెలన్నీ మేనేజర్లు పంపేవే. ఈ ఏడు లక్ష్యం 100, మీరు 108 చేస్తే వచ్చే ఏడు లక్ష్యం 108 అవుతుంది. తెలివైన మేనేజరు 101 దగ్గర ఆపేస్తాడు, ముడిసరుకు రెట్టింపు అడుగుతాడు, కొంత దాచుకుంటాడు. 1935 ఆగస్టు 31న స్తఖానొవ్ అనే గని కార్మికుడు ఒక్క షిఫ్టులో 7 టన్నుల లక్ష్యానికి 102 టన్నుల బొగ్గు తవ్వాడని ఊరేగించారు. గని పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడానికి వేరే మనుషులు సాయంగా ఉన్నారన్నది వెనక్కి పోయింది. 1936లో అందరి లక్ష్యాలూ పెంచారు. ఇక తర్వాతివాడు ఎందుకు ఎక్కువ తవ్వుతాడు? రేపటి గురించి ఆలోచించేవాడెవడైనా అంతే చేస్తాడు, వాడు సాధువైనా సరే.

అందుకని మీ ప్రశ్నకి నా జవాబు: వంద కుటుంబాల లోపు, కొలవగలిగే పనికి, ఇష్టపడి చేరినవాళ్ళతో ఉమ్మడి ఆస్తి నడుస్తుంది. ధరలు లేకుండా, కేంద్రం నుంచి లక్ష్యాలు దించే దేశవ్యాప్త పద్ధతి నడవదు, మనుషులు ఎంత మంచివాళ్ళయినా నడవదు. ఈ రెండిటి మధ్య ఉన్న పెద్ద ఖాళీలో, స్పెయిన్ బాస్క్ ప్రాంతంలో కార్మికులే యజమానులైన మోంద్రగాన్ సహకార సంఘాల్లాంటివి బజారులోనే పోటీపడుతూ ఉన్నాయి. అదీ ముల్కనూరు పుట్టిన 1956లోనే మొదలైంది. జీతాల తేడా మొదట ఒకటికి మూడు రెట్లకి మించకూడదన్నారు, తర్వాత ఆరు రెట్ల దాకా సడలించారు. అందులో వంటింటి యంత్రాలు చేసే ఫాగోర్ 2013లో దివాలా తీసింది. చాలామంది సభ్యులకి మిగతా సంఘాల్లో పని చూపించారు.

మీరే పాతిక కుటుంబాలతో ఓ ఉమ్మడి ట్రాక్టరు పెట్టి చూడాలనుకుంటే, గొడవ ఎక్కడ మొదలవుతుందో ముందే చెప్పొచ్చు. 8 లక్షల బండిని పదివేల గంటలు వాడతామనుకుంటే గంటకి 80 రూపాయలు అరుగుదల. దీన్ని డీజిల్, రిపేర్లతో కలపకుండా వేరే ఖాతాలో వేయకపోతే పదేళ్ళ తర్వాత కొత్త బండి కొనడానికి పైసా ఉండదు. బండి చేతులు మారిన ప్రతిసారీ గంటల మీటరు అంకె ఇద్దరూ సంతకం పెట్టి రాయాలి. అసలు పరీక్ష తొలకరి తర్వాత వస్తుంది. పదును మూడు నాలుగు రోజులే ఉంటుంది, పాతికమందికీ అప్పుడే కావాలి. వాన పడ్డాక వరస తేల్చుకుందామంటే కార్యదర్శి పొలమే ముందు దున్నబడుతుంది. కాబట్టి ఏరువాకకి నెల ముందే చీటీలు తీయాలి, ఈ ఏడు చివర వచ్చినవాళ్ళు వచ్చే ఏడు ముందు. తెలంగాణ చెరువుల కింద తైబందీ (నీటి పంపకం) చేసేటప్పుడు కూడా, ఎన్ని ఎకరాలకి నీళ్ళు పారతాయో యాసంగి నార్లు పోయకముందే తేల్చేవారు. తప్పుకునే సభ్యుడికి వాటా ఎంత లెక్కన, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలో కూడా చేరిన రోజే రాసుకోండి, ఎవరూ ఎవరితోనూ ఇంకా పోట్లాడని రోజున.