501(సి)(3) ఉత్తరం ఉన్నా సేల్స్ టాక్స్ ఎందుకు కట్టాలి? కట్టింది తిరిగి వస్తుందా?

ప్రశ్న: నార్త్ కరోలైనాలోని కేరీలో మేం కొందరం కలిసి ఒక చిన్న తెలుగు సంస్థ నడుపుతున్నాం. వారాంతాల్లో పిల్లలకు తెలుగు తరగతులు, ఏడాదికి రెండు మూడు పండుగలు చేస్తాం. మాకు 501(సి)(3) ఉత్తరం, అంటే లాభాపేక్ష లేని సంస్థగా ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే ఉత్తరం ఉంది. అది చూపించినా షాపుల్లో సేల్స్ టాక్స్ తీసేయడం లేదు. టెక్సస్‌లో ఉండే మా బావగారు అక్కడ సర్టిఫికెట్ ఇస్తే పన్ను వేయరని అంటున్నారు. ఈ మధ్యే సొంత భవనం పని మొదలుపెట్టాం. కాంట్రాక్టర్ కొనే సామాను మీద పన్ను కూడా మా నెత్తినే పడుతుందా? కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకునే దారి ఉందా?

జవాబు: మీ బావగారు చెప్పింది నిజమేనండీ, కానీ అది టెక్సస్ పద్ధతి. సేల్స్ టాక్స్ అమెరికాలో రాష్ట్రాల చేతిలో ఉంటుంది. మీ ఉత్తరం ఐఆర్‌ఎస్, అంటే కేంద్ర ఆదాయపు పన్ను శాఖ ఇచ్చింది, అది ఆదాయపు పన్నుకు సంబంధించినది. టెక్సస్‌లో పన్నులు చూసే కంప్ట్రోలర్ ఆఫీసు నుంచి మినహాయింపు తెచ్చుకుంటే కొనేటప్పుడే పన్ను వేయరు. నార్త్ కరోలైనాలో మీలాంటి సంస్థ ముందు పన్ను కట్టి, ఆ తర్వాత రాష్ట్ర రెవెన్యూ శాఖను అడిగి తీసుకోవాలి. కాబట్టి షాపువాళ్లతో గొడవ పడకండి, వాళ్ల తప్పేం లేదు.

ఇక మీకు రీఫండ్ వస్తుందా అన్నది. 501(సి)(3) ఉంటే చాలని చాలామంది అనుకుంటారు, అది సరిపోదు. లాభాపేక్ష లేని సంస్థలను వర్గాలుగా విడదీసే ఎన్‌టీఈఈ అనే కోడ్ ఒకటుంది. అందులో మూడు వర్గాలను ఈ రాష్ట్ర చట్టం రీఫండ్ నుంచి తీసేసింది: 'ఎస్' అంటే సమాజాభివృద్ధి, 'డబ్ల్యూ' అంటే ప్రజాహితం, 'వై' అంటే సభ్యుల పరస్పర ప్రయోజనం. పిల్లలకు భాష నేర్పుతూ పండుగలు చేసే సంస్థ మామూలుగా 'ఏ' వర్గంలోకి, అంటే కళలు, సంస్కృతి కిందికి వస్తుంది. అయితే చిన్న సంస్థలు 501(సి)(3) కోసం ఐఆర్‌ఎస్‌కు 1023-ఈజెడ్ ఫారం నింపేటప్పుడు ఈ కోడ్‌ను తామే ఎంచుకోవాలి. ఆ రోజు ఎవరో వాలంటీరు తొందరలో 'కమ్యూనిటీ' అన్న మాట చూసి 'ఎస్' పెట్టేసి ఉండొచ్చు. ముందు ఆ పాత ఫారం వెతికి చూడండి. కోడ్ మీ పనికి సరిపోకపోతే, రీఫండ్ అడగకముందే సరిచేయించుకోవాలి.

ఏ పన్ను తిరిగి వస్తుందో ఒక బిల్లు తీసుకుని చూద్దాం. మీది వేక్ కౌంటీ అనుకుంటే అక్కడ రాష్ట్ర పన్ను 4.75 శాతం, కౌంటీది 2, ట్రాన్సిట్‌ది (ప్రజా రవాణాకు) అర శాతం, మొత్తం 7.25. ఉగాదికి అందరికీ ఉచితంగా భోజనం పెట్టడానికి కేటరింగ్‌కు 8,000 డాలర్ల బిల్లు అయిందనుకోండి. ఈ లెక్కన 580 డాలర్లు తిరిగి అడగొచ్చు. అదే బిల్లులో వండిన ఆహారం మీద కౌంటీ వేసే మరో 1 శాతం, అంటే 80 డాలర్లు మాత్రం రాదు. కరెంటు బిల్లు, ఫోను బిల్లు, పైపు గ్యాస్, హోటల్ గదుల మీద స్థానికంగా వేసే ఆక్యుపెన్సీ టాక్స్ కూడా ఈ రీఫండ్‌లోకి రావు. పక్కనున్న సౌత్ కరోలైనాలో కొన్నవాటి పన్నును ఈ రాష్ట్రం ఇవ్వదు. ఇండియా నుంచి నటరాజ విగ్రహమో వీణో తెప్పించి సేల్స్ టాక్స్ కట్టలేదనుకోండి, దాని మీద సేల్స్ టాక్స్‌కు బదులుగా ఉండే యూజ్ టాక్స్ మీరే కట్టాలి. కట్టాక అదీ తిరిగి అడగొచ్చు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది బిల్లుల సంగతి. నా దగ్గరికి వచ్చిన ఒక సంస్థలో పండుగ సామానంతా వాలంటీర్లు సొంత కార్డులతో కొన్నారు. 'పోనీలే, నా వంతు చందా అనుకుంటా' అని చాలామంది డబ్బు తిరిగి తీసుకోలేదు. ఆ మంచితనం వల్లే రీఫండ్ పోయింది, ఎందుకంటే అక్కడ పన్ను కట్టింది సంస్థ కాదు. సంస్థ అధికారం ఇచ్చిన మనిషి కొని, సంస్థ ఆ డబ్బు ఆయనకు చెల్లిస్తే, చట్టం దాన్ని సంస్థే నేరుగా కొన్నట్టు చూస్తుంది. అందుకని ఎవరెవరు కొనవచ్చో బోర్డు తీర్మానం రాసి పెట్టుకోండి. డబ్బు చెక్కు రూపంలో తిరిగి ఇవ్వండి, బిల్లు దాచండి. ఆ మనిషి ఇవ్వాలనుకుంటే అదే మొత్తాన్ని విడిగా చందాగా రాసిస్తాడు. అప్పుడు రీఫండూ ఉంటుంది, ఆయన చందాకు రసీదూ ఉంటుంది.

ఇక భవనం. మీకు పెద్ద మొత్తం వచ్చేది ఇక్కడే. కాంట్రాక్టర్ ఇటుక, సిమెంటు, తలుపులు, వైరింగ్ కొని పన్ను కడతాడు, అది మీ బిల్లులో కలిసిపోతుంది. సంస్థ సొంతానికి గానీ లీజుకు గానీ తీసుకున్న భవనాన్ని తన సేవా కార్యక్రమాల కోసం కట్టుకుంటుంటే, అందులో భాగమైపోయే సామాను మీద పన్నును సంస్థే కట్టినట్టు లెక్కవేస్తారు. వేక్ కౌంటీలో 2,00,000 డాలర్ల సామానుకు ఇది 14,500 డాలర్లు. ఒక తరగతి గదికి కావలసిన బల్లలు, కుర్చీలు, తెర కొనుక్కోవచ్చు. కానీ కాంట్రాక్టర్ రాసి ఇచ్చి సంతకం పెట్టిన వివరపట్టిక లేకుండా ఒక్క డాలర్ రాదు. ఎవరి దగ్గర, ఏ తేదీన, ఏ ఇన్వాయిస్ నంబరుతో, ఏ సామాను, ఎంతకు కొన్నాడో, ఎంత పన్ను, ఏ కౌంటీకి కట్టాడో అందులో ఉండాలి. సబ్ కాంట్రాక్టర్లు కొన్నవి కూడా. పని అయిపోయి చివరి చెల్లింపు చేతిలో పడ్డాక ఆ కాగితం కోసం ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. మీ పని ఇంకా మొదట్లోనే ఉంది కాబట్టి, ఈ పట్టిక ఇస్తేనే చెల్లింపు అన్న షరతును ఇప్పుడే ఒప్పందంలో చేర్చించండి. కాంట్రాక్టర్ కాస్త సణిగినా పట్టుబట్టండి.

దరఖాస్తు ఫారం పేరు ఈ-585. పన్ను ఒకటికి మించిన కౌంటీల్లో కట్టి ఉంటే, కౌంటీల వారీగా ఈ-536ఆర్ కూడా నింపాలి. డర్హమ్ కౌంటీలో కొన్నదాన్ని వేక్ కింద రాయకండి. మొదటిసారి వేసేటప్పుడు మీ ఐఆర్‌ఎస్ ఉత్తరం కాపీ జతచేస్తే మంచిది. జనవరి నుంచి జూన్ దాకా కట్టినదానికి ఆ ఏడాది అక్టోబర్ 15 గడువు. జూలై నుంచి డిసెంబర్ దాకా కట్టినదానికి తర్వాతి ఏడాది ఏప్రిల్ 15. గడువు తప్పిపోయిందని వదిలేయకండి. ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు అడగొచ్చు, ఆ తర్వాతే హక్కు పోతుంది. ఉదాహరణకు 2024 మొదటి ఆరు నెలల పన్నుకు గడువు 2024 అక్టోబర్ 15, కాబట్టి 2027 అక్టోబర్ 15 దాకా అడగొచ్చు. ఇంతకుముందెన్నడూ అడగలేదంటే మీ పాత ట్రెజరర్ దగ్గరున్న బిల్లుల పెట్టె తెప్పించండి. మూడేళ్ల గడువు దగ్గరపడిన ఆరు నెలలవి ముందు విడదీసి, వాటితోనే మొదటి దరఖాస్తు వేయండి.